ఎండ 44, స్కానర్‌లో 28: గాలి ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు ఎక్కడుందో లెక్కతో పట్టుకోవడం

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఏప్రిల్, మే నెలల్లో మెకానిక్ షెడ్లకు వచ్చే కార్లలో కొన్నింటిది ఒకే ఫిర్యాదు. పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది, గుట్ట ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమంటోంది. బండి కంప్యూటరులోని అంకెలు చదివే స్కానర్ పెడితే ఏ తప్పు కోడూ ఉండదు. లైవ్ డేటా తెరిచి చూస్తే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత 28 డిగ్రీలని కనిపిస్తుంది. బయట చూస్తే 44. ఇంజిన్‌లోకి పోయే గాలి బయటి గాలికంటే వేడిగా ఉండొచ్చు గానీ చల్లగా ఉండే వీలే లేదు. కాబట్టి ఆ 28 అబద్ధం. కోడ్ రాకపోయినా తప్పు ఉందని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఇక్కడ చాలామంది చేసే పని సెన్సర్ మార్చడం. కొత్తది బిగించాక కూడా 28 చూపిస్తే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) పోయిందని తేల్చేస్తారు. ఈ రెండు ఖర్చులూ పెట్టేముందు ఒక మల్టీమీటరు, రెండు మూడు రూపాయల రెసిస్టర్లు, హైస్కూల్లో చదివిన ఓమ్ సూత్రం ఉంటే తప్పు సెన్సర్‌లో ఉందా, వైరింగ్‌లో ఉందా, ఈసీయూలో ఉందా అన్నది తేలిపోతుంది.

సెన్సర్ లోపల ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఎక్కువగా వాడే బాష్ రకం సెన్సర్‌లో ఈ విలువలు ఇలా ఉంటాయి: 0 డిగ్రీల దగ్గర 5896 ఓమ్‌లు, 20 దగ్గర 2500, 30 దగ్గర 1707, 40 దగ్గర 1175, 50 దగ్గర 834, 60 దగ్గర 596, 80 దగ్గర 323, 100 దగ్గర 187. మొత్తం పట్టిక బట్టీ పట్టక్కర్లేదు. 20 దగ్గర 2500 అని గుర్తుపెట్టుకుని, ప్రతి 20 డిగ్రీలకు దాదాపు సగమవుతుందని లెక్కవేస్తే పనిచేసే చోట సరిపోతుంది. వేరే కంపెనీ సెన్సర్‌కు వేరే పట్టిక ఉంటుంది. ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. పద్ధతి మాత్రం మారదు.

ఈసీయూకు ఓమ్‌లు కొలవడం రాదు, వోల్టులే తెలుసు. అందుకే దాని లోపల ఒక స్థిరమైన రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్‌ను దానికి వరుసలో పెడతారు. రెండింటి మధ్య మిగిలిన వోల్టేజీని చదువుతుంది. ఈ లోపలి రెసిస్టర్‌ను పుల్-అప్ అంటారు. బండిని బట్టి అది 1 నుంచి 5 కిలోఓమ్‌ల దాకా ఉండొచ్చు. ఇక్కడ లెక్కలకు 2200 ఓమ్‌లు తీసుకుందాం. సూత్రం ఇది:

సిగ్నల్ వోల్టేజీ = 5 × సెన్సర్ ఓమ్‌లు ÷ (సెన్సర్ ఓమ్‌లు + 2200)

40 డిగ్రీల దగ్గర 5 × 1175 ÷ 3375, అంటే 1.74 వోల్టులు. 20 దగ్గర 2.66, 60 దగ్గర 1.07, 80 దగ్గర 0.64. గాలి వేడెక్కితే వోల్టేజీ దిగుతుంది. ఈ సర్క్యూట్‌లో పారే కరెంటు ఎంతో కూడా చూసుకోవాలి: 5 ÷ 3375, అంటే ఒకటిన్నర మిల్లీఆంపియర్ల లోపే. ఇంత తక్కువ కరెంటు కాబట్టే టెస్ట్ ల్యాంప్ ఇక్కడ పనికిరాదు. ల్యాంపును ఎర్త్‌కు తగిలించి సిగ్నల్ వైరుకు ఆనిస్తే అది వెలగదు, పైగా ఈసీయూకు షార్ట్ అయినట్టు కనిపిస్తుంది. ల్యాంపు రెండో కొన బ్యాటరీ ప్లస్‌కు ఉంటే 12 వోల్టులు నేరుగా ఈసీయూ ఇన్‌పుట్‌లోకి పోతాయి. రెండొందల రూపాయల పసుపుపచ్చ డిజిటల్ మీటరైనా ఈ పనికి చాలు. దాని ఇన్‌పుట్ నిరోధం 1 మెగాఓమ్. దాన్ని తగిలించినా ఈ సర్క్యూట్‌లో వోల్టేజీ చెప్పుకోదగ్గంత మారదు.

తప్పుడు ఉష్ణోగ్రత వల్ల జరిగే నష్టమూ లెక్కకు అందుతుంది. గాలి సాంద్రత కెల్విన్‌లో ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుంది. నిజం 44, చదివింది 28 అయితే 317 ÷ 301, అంటే 1.05. మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) ప్రెజర్ సెన్సర్ మీద ఆధారపడే పెట్రోల్ ఇంజిన్‌లో ఈసీయూ 5 శాతం పెట్రోలు ఎక్కువ పోయాలనుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్ పనిచేస్తున్నంతసేపు ఫ్యూయల్ ట్రిమ్ (ఆ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ ఇంధనాన్ని పెంచి తగ్గించే సవరణ) దాన్ని వెనక్కి లాగుతుంది. ట్రిమ్ మైనస్‌లో కనిపిస్తే అది ఇంకో సాక్ష్యం. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం ఆ సవరణ మామూలుగా పనిచేయదు. అంతకంటే ముఖ్యమైనది ఇగ్నిషన్ టైమింగ్. వేడి గాలికి స్పార్క్‌ను కొంచెం వెనక్కి జరపాలి. గాలి చల్లగా ఉందని నమ్మిన ఈసీయూ జరపదు. గుట్ట మీద టకటక వినిపించేది అందుకే. గాలి బరువును నేరుగా కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండ్లలో ఇంధనం మీద ప్రభావం తక్కువ, టైమింగ్ మీద మాత్రం ఉంటుంది.

పూర్తిగా తెగిపోయిన, పూర్తిగా కలిసిపోయిన కేసులు సులువు. వైరు తెగితే సిగ్నల్ 5 వోల్టుల దగ్గర నిలబడుతుంది, స్కానర్ మైనస్ 40 చూపిస్తుంది, పి0113 కోడ్ వస్తుంది. సిగ్నల్ వైరు ఎర్త్‌కు తగిలితే 0 వోల్టులు, స్కానర్‌లో 120 డిగ్రీలకు పైన ఏదో అంకె, పి0112 కోడ్. సెన్సర్‌కు వైర్లను తగిలించే ప్లగ్గు, అంటే కప్లర్ పీకితే మైనస్ 40 రావాలి. కప్లర్ లోపల రెండు పిన్నులనూ వైరు ముక్కతో కలిపితే గరిష్ఠానికి పోవాలి. రెండూ జరిగితే ఈసీయూ చదవగలుగుతోందని, వైర్లు తెగలేదని అర్థం. ఒక జాగ్రత్త: నాలుగు పిన్నుల ప్రెజర్-ఉష్ణోగ్రత సెన్సర్ అయితే ఏ రెండు పిన్నులు ఉష్ణోగ్రతవో వైరింగ్ బొమ్మలో చూశాకే కలపాలి. 5 వోల్టుల సరఫరా పిన్నును ఎర్త్‌కు కలిపితే మిగతా సెన్సర్లూ ఆగిపోతాయి. పి0113 ఉండి సిగ్నల్ వైరు మీద 5 కాకుండా 12 వోల్టులు కనిపిస్తే, ఆ వైరు ఎక్కడో బ్యాటరీ లైనుకు రాసుకుంటోందని.

కష్టపెట్టేది నడిమధ్య తప్పులే. అంకె నమ్మదగినట్టే ఉంటుంది, కోడ్ రాదు. వీటిని పట్టడానికి ఒక కొలత చాలదు. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర తీసిన కొలతలు కావాలి. రాయలసీమ వేసవి ఆ వెసులుబాటు ఇస్తుంది. తెల్లవారుజామున ఇంజిన్ స్టార్ట్ చేయకముందు 27, మధ్యాహ్నం 44, ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు బానెట్ కింద 60. ఈ మూడు చోట్లా నిజమైన ఉష్ణోగ్రతను సెన్సర్ పక్కనే పెట్టిన థర్మామీటరుతో చూసి, స్కానర్ అంకెతో తేడా రాసుకోవాలి. తేడా ఏ తీరులో మారుతోందన్నదే తప్పు ఎక్కడుందో చెబుతుంది.

మొదటి తీరు, కప్లర్ పిన్ను మీద చిలుము పట్టి వరుసలో 800 ఓమ్‌లు అదనంగా చేరాయనుకుందాం. 27 డిగ్రీల దగ్గర సెన్సర్ నిరోధం సుమారు 1914, దానికి 800 కలిపితే 2714. ఈసీయూ పట్టికలో అది 18 డిగ్రీలు. తేడా 9. మధ్యాహ్నం 44 దగ్గర 1024కు 800 కలిపితే 1824, అంటే 28. తేడా 16. బానెట్ కింద 60 దగ్గర 596కు 800 కలిపితే 1396, అంటే 35. తేడా 25. చేరిన 800 మారలేదు. సెన్సర్ నిరోధం తగ్గేకొద్దీ మొత్తంలో ఆ 800 వాటా పెరిగింది. ఎండ ముదిరేకొద్దీ తేడా పెరుగుతూ పోతే తప్పు వరుసలో ఉంది. జాయింటు, పిన్ను, ఎర్త్ లైను వెతకాలి.

రెండో తీరు దీనికి తిరగబడి ఉంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో కప్లర్‌లోకి నీళ్లు పోయి రెండు పిన్నుల మధ్య 10 కిలోఓమ్‌ల లీకేజీ ఏర్పడితే, అది సెన్సర్‌కు సమాంతరంగా చేరుతుంది. మొత్తం నిరోధం తగ్గుతుంది, స్కానర్ నిజం కంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. 27 దగ్గర 1914 × 10000 ÷ 11914, అంటే 1607. అది 32 డిగ్రీలు. 44 దగ్గర 929 ఓమ్‌లు, 47 డిగ్రీలు. 60 దగ్గర 562, అంటే 62. తేడా 5, 3, 2. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. కప్లర్ ఆరబెట్టడం, రబ్బరు సీలు చూడటం ఇక్కడ మొదటి పని.

మూడో తీరు సెన్సర్‌దే. పాతబడి థర్మిస్టర్ నిరోధం అన్నిచోట్లా 30 శాతం పెరిగితే స్కానర్ 27 దగ్గర 20 చూపిస్తుంది, 60 దగ్గర 52 చూపిస్తుంది. తేడా ఏడెనిమిది డిగ్రీలు, దాదాపు అంతటా ఒకటే. ఇలా ఉంటేనే సెన్సర్ మార్చే ఖర్చుకు అర్థం ఉంది. కొత్తగా వేసిన సెన్సర్ ప్లగ్గు సరిపోయినా పట్టిక వేరేదైతే తేడా ఇంకా విపరీతంగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లుండే రకాన్ని ఈ సర్క్యూట్‌లో పెడితే ఈసీయూ దాన్ని మైనస్ 11గా చదువుతుంది. అనంతపురంలో మైనస్ 11 అంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

వరుసలో తప్పుందని తేలాక అది ఎర్త్ వైపుందా, సిగ్నల్ వైపుందా అన్నది వోల్టేజీ చెబుతుంది. కప్లర్ పెట్టి ఉంచి, కీ ఆన్ చేసి, కప్లర్ వెనక నుంచి సన్నని సూదితో పిన్నును తాకాలి. మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద. పై ఉదాహరణలో మొత్తం నిరోధం 2200 + 1024 + 800, అంటే 4024. కరెంటు 1.24 మిల్లీఆంపియర్లు. చిలుము ఎర్త్ పిన్ను మీద ఉంటే వైరింగ్ వైపు నుంచి చూసినప్పుడు ఎర్త్ వైరు శుభ్రంగా 0 చూపించి, సెన్సర్ కాలి దగ్గర 0.99 వోల్టు చూపిస్తుంది. ఎర్త్ వైరు మధ్యలో తెగి అతికిన జాయింటు చెడితే కప్లర్ వెనకే 0.99 కనిపిస్తుంది. మంచి ఎర్త్ అయితే అక్కడ కొన్ని పదుల మిల్లీవోల్టులకు మించకూడదు. తప్పు సిగ్నల్ వైరులో ఉంటే ఈసీయూ చివర 2.27, సెన్సర్ చివర 1.27 వస్తుంది. తేడాను కరెంటుతో భాగిస్తే మళ్లీ 800 వస్తుంది. లెక్క అలా మూసుకుంటే వెతుకుతున్న చోటు సరైనదే.

మంచి వైరు తనంతట తాను ఇంత నిరోధం ఇవ్వదు. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు 0.034 ఓమ్‌లే. పోనూ రానూ నాలుగు మీటర్లకు 0.14. 80 డిగ్రీల దగ్గర కూడా ఒక డిగ్రీ తప్పు రావాలంటే దాదాపు 9 ఓమ్‌లు కావాలి. అందుకే వైరు సన్నబడిందన్న అనుమానం వదిలి జాయింట్ల మీద పడాలి. సెన్సర్ ఎర్త్ ఇంకో విషయమూ చెబుతుంది. అది సాధారణంగా కూలెంట్, ప్రెజర్, థ్రాటిల్ సెన్సర్లకూ ఉమ్మడి. గాలి, కూలెంట్ ఉష్ణోగ్రతలు రెండూ ఒకేసారి తక్కువ చూపిస్తుంటే చెడింది వైర్లన్నీ కలిసిన తర్వాత ఈసీయూ వైపున్న భాగం.

ఈ ప్రాంతంలో కప్లర్ చెడటానికి కారణం తరచూ దుమ్మే. తాడిపత్రి పాలిష్ యూనిట్లు, బేతంచెర్ల నాపరాయి గనులు, ఎర్రగుంట్ల సిమెంటు లోడ్ల మధ్య తిరిగే బండ్లలో ఎయిర్ ఫిల్టర్‌ను మాటిమాటికి తీయాల్సి వస్తుంది. ఫిల్టర్ డబ్బా మూత మీదే ఈ సెన్సర్ ఉంటే ప్రతిసారీ కప్లర్ పీకాలి. లాక్ నొక్కకుండా వైర్లు పట్టి లాగితే పిన్ను కొద్దిగా వెనక్కి జారుతుంది, రబ్బరు సీలు పక్కకు మడత పడుతుంది. ఆ సందులోంచి పోయిన సున్నపు పొడి వాటర్ సర్వీసింగ్ నీళ్లతో తడిసి బూడిద రంగు ముద్దగా గట్టిపడుతుంది. కప్లర్ విప్పి టార్చ్ వేస్తే పిన్ను మొదట్లో ఆ ముద్ద, దాని అంచున పచ్చటి చిలుము గీత కనిపిస్తాయి. తడిగా ఉన్నప్పుడు అదే లీకేజీ, ఆరాక అదే వరుస నిరోధం. వారం కిందట ఎక్కువ చూపించిన బండి ఇప్పుడు తక్కువ చూపించడం వెనక ఉన్న రహస్యం చాలాసార్లు ఇదే.

సెన్సర్‌ను పక్కనపెట్టి వైరింగ్, ఈసీయూలను పరీక్షించడానికి రెసిస్టర్‌కు మించినది లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో పావు వాట్ 1 కిలోఓమ్ అడగాలి. గోధుమ, నలుపు, ఎరుపు గీతలుంటాయి. కీ ఆఫ్ చేసి, కప్లర్ రెండు పిన్నుల మధ్య దాన్ని పెట్టి, కీ ఆన్ చేస్తే స్కానర్‌లో 45 రావాలి. రెసిస్టర్ 5 శాతం రకం కాబట్టి ఒకటిన్నర డిగ్రీ అటూ ఇటూ ఒప్పుకోవచ్చు. ఎరుపు, ఎరుపు, ఎరుపు ఉన్న 2.2 కిలోఓమ్‌లకు 23, పసుపు, ఊదా, ఎరుపు ఉన్న 4.7కు 5 డిగ్రీలు. మూడూ సరిగ్గా వస్తే వైరింగ్, ఈసీయూ నిర్దోషులు. 1 కిలోఓమ్‌కు 30 వస్తే? పట్టికలో 30 అంటే 1707. వైరింగ్‌లో ఎక్కడో 700 ఓమ్‌లు దాక్కున్నాయి. మీటరు లేకుండానే వైరింగ్ నిరోధం దొరికింది.

ఈసీయూ లోపలి పుల్-అప్ విలువ తెలియని బండికీ ఇదే దారి. కప్లర్ విప్పి రెండు పిన్నుల మధ్య వోల్టేజీ చూడాలి, 4.98 వచ్చిందనుకుందాం. తర్వాత 1 కిలోఓమ్ పెట్టి చూస్తే 1.55. అప్పుడు 1000 × (4.98 − 1.55) ÷ 1.55, అంటే దాదాపు 2210. అంటే లోపల ఉన్నది 2.2 కిలోఓమ్‌లు. వైరింగ్‌లో అదనపు నిరోధం ఉంటే ఈ లెక్క చెడుతుంది, కాబట్టి ఎర్త్ వైపు వోల్టేజీ చూశాకే దీన్ని నమ్మాలి. కొన్ని ఈసీయూలు కూలెంట్ సెన్సర్ విషయంలో ఒక ఉష్ణోగ్రత దాటాక పుల్-అప్‌ను మార్చుకుంటాయి. వేడెక్కుతున్న కొద్దీ దిగుతున్న వోల్టేజీ ఒక్కసారి పైకి ఎగిరితే అది తప్పు కాదు.

సెన్సర్‌నే విడిగా పరీక్షించాలంటే విప్పి తీసి ఓమ్‌లు కొలవాలి. కప్లర్ పెట్టి ఉండగా ఓమ్ రేంజ్‌లో కొలిస్తే ఈసీయూ లోపలి నిరోధం, వోల్టేజీ కలిసి అర్థంలేని అంకె వస్తుంది. దంచిన ఐసులో కొద్దిగా నీళ్లు పోసి కలిపితే 0 డిగ్రీలు గ్యారంటీ. సెన్సర్ కొనను పలుచని పాలిథిన్ కవరులో పెట్టి అందులో ముంచి, అంకె కదలడం ఆగేదాకా ఉండాలి. 5900 ప్రాంతంలో రావాలి. మరిగే నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయాలి. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 99 డిగ్రీలకు కొంచెం ముందే మరుగుతాయి. కాబట్టి 187 బదులు 192 వస్తే సెన్సర్‌ను శంకించొద్దు. కొనను వేళ్లతో పట్టుకుని కొలవకూడదు, ఒంటి వేడి అంకెను మారుస్తుంది.

డీజిల్ బండ్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదుండే సెన్సర్‌కు ఈజీఆర్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి, నూనె పేరుకుంటాయి. దీనివల్ల చివరి అంకె తప్పదు, అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది. ఐసులోంచి తీసి వేడిగాలిలో పెట్టినప్పుడు కొత్త సెన్సర్ కంటే చాలా నెమ్మదిగా కదిలితే శుభ్రం చేస్తే చాలు. ఎయిర్ ఫ్లో సెన్సర్‌లోనే ఇది కలిసి ఉంటే దానికోసం అమ్మే స్ప్రే తప్ప కార్బొరేటర్ క్లీనర్ వాడొద్దు. ఇంకో పొరపాటూ జరుగుతుంటుంది. ఎండలో నడిపిన బండిని ఆపి పది నిమిషాలకు కీ ఆన్ చేస్తే స్కానర్‌లో 65 కనిపిస్తుంది. అది బానెట్ కింద నిలిచిన వేడి. రోడ్డెక్కి కాసేపు పరుగెత్తితే బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా దిగిపోవాలి. నిజమైన పోలిక తెల్లవారుజామునే కుదురుతుంది. రాత్రంతా ఆగిన బండిలో గాలి, కూలెంట్, బయటి థర్మామీటరు మూడూ ఐదు డిగ్రీల లోపు కలవాలి.

పిన్నుల మీద ఉప్పు కాగితం రుద్దకండి. పైనున్న తగరపు పూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి మెత్తని బ్రష్‌తో తోమాలి. పట్టు వదులైన ఆడ పిన్నును సూదితో కొంచెం బిగించాలి. చిలుము లోపలి దాకా పోయి ఉంటే వైర్లతో సహా కొత్త కప్లర్ వేసి, టంకం పెట్టి, హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. ఒట్టి ఇన్సులేషన్ టేపు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. సీలు మళ్లీ కూర్చోబెట్టాలి, వైరును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా కట్టాలి. తర్వాత కోడ్‌లూ ఫ్యూయల్ ట్రిమ్‌లూ చెరిపేసి బండి నడిపి చూడాలి.

సెకండ్ హ్యాండ్ బండిలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎప్పుడు చూసినా స్కానర్ ఒకటే అంకె, ఏ 5 డిగ్రీలో చూపిస్తుంటే వైరింగ్ టేపు విప్పి చూడాలి. పవర్ పెంచే చిప్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని ఇలాంటి స్థిరమైన రెసిస్టర్లే. గాలి చల్లగా ఉందని ఈసీయూను నమ్మించి పెట్రోలు ఎక్కువ పోయిస్తాయి, టైమింగ్ ముందుకు జరిపిస్తాయి. 44 డిగ్రీల ఎండలో నిండు లోడుతో ఘాట్ ఎక్కే ఇంజిన్‌లో అది పిస్టన్‌ను దెబ్బతీసే పని. దాన్ని కత్తిరించి అసలు సెన్సర్‌ను మళ్లీ కలిపేయాలి. రెండు పిన్నుల సెన్సర్ అయితే థర్మిస్టర్‌కు ప్లస్ మైనస్ లేదు కాబట్టి ఏ వైరు ఎటు కలిపినా రీడింగ్ ఒకటే. నాలుగు పిన్నులదైతే మాత్రం వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకుని రంగు రంగుకు సరిచూసి కలపాలి.